ముప్పై ఏడో ఆరోగ్యవంతుడు

మూడు నెలలకొకసారి పాత టైర్ల వ్యాపారి కొట్టు తలుపుకు ‘పదకొండు గంటలకు తెరుస్తాం’ అన్న అట్టముక్క తగిలించి ఆసుపత్రికి వెళ్లేవాడు. ఆయనకు జబ్బేమీ లేదు. జబ్బు లేకపోవడమే ఆయన అక్కడ చేసే ఉద్యోగం.

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో గుండెకూ రక్తనాళాలకూ మధ్య పొత్తు ఎలా సాగుతుందో తేల్చే పరిశోధన ఒకటి నడుస్తోంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు నూరుమంది, అదే వయసులో ఏ జబ్బూ లేనివాళ్లు నూరుమంది కావాలన్నారు. జబ్బు మనుషులకేం, అడక్కుండానే దొరుకుతారు. యాభై ఎనిమిదేళ్లు నెత్తిన పడ్డాక కూడా బీపీ లేక, షుగర్ లేక, ఒక్క మాత్రయినా మింగని మనిషి దొరకడమే గగనం. టైరు మార్చుకోవడానికి వచ్చిన ఆసుపత్రి వ్యాను డ్రైవరు ఆయనను ఎగాదిగా చూసి, "గుండ్రాయిలా ఉన్నావు కదా పెద్దాయనా, నువ్వెళ్లరాదూ? దారిఖర్చులు కూడా ఇస్తారంట" అన్నాడు.

దారిఖర్చులకు ఆశపడే మనిషి కాదాయన. ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లాడు. చూశాక మానలేకపోయాడు.

భార్య పోయి ఏడేళ్లయింది. పిల్లలు లేరు. కొట్టు వెనకే ఒక గది. మంచం, స్టవ్వు, రెండు కంచాలు. రెండో కంచం ఎందుకు కడుగుతున్నాడో తెలియకుండానే వారానికొకసారి కడిగేవాడు. మాటలకు కొదవ లేదు. రోజుకు నలభై మంది వచ్చేవారు. సైజు ఎంత, ధర ఎంత, ఇంకాస్త తగ్గించు, కుదరదు. ఆ నలభై మందిలో ఒక్కరూ ఆయన సంగతి ఎత్తేవారు కారు. ఎత్తాల్సిన అవసరం వాళ్లకు లేదు. వాళ్లు వచ్చింది టైర్లకు.

రెండో అంతస్తులోని ఆ సన్నటి గదిలో మాత్రం బేరం తిరగబడింది. అక్కడ సరుకు ఆయనే. నలభై ఏళ్ల నర్సు ఒకామె చేతికి రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో వేలితో తట్టి తట్టి నరం వెతికేది. ఊదా మూత గొట్టం, పసుపు మూత గొట్టం, నీలం మూత గొట్టం నింపి, ఆయన కళ్ల ముందే ‘ముప్పై ఏడు’ అన్న చీటీలు అంటించేది. తర్వాత పెన్నులాంటి సాధనం ఒకటి మెడ మీదా తొడ మొదట్లోనూ ఆనించి, నాడి ఇక్కడి నుంచి అక్కడికి ఎంతసేపట్లో చేరుతోందో చూసేది. ఆపైన చిన్న డాక్టరమ్మ వచ్చి ఛాతీకి చల్లటి జెల్లీ రాసి, గుండెను తెర మీద చూసేది. అన్నీ అయ్యాక నర్సు ఒక కాగితం తీసి పద్దెనిమిది ప్రశ్నలు అడిగేది. నిద్ర ఎలా పడుతోంది? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? గడిచిన రెండు వారాల్లో మీ బాగోగులు ఎవరైనా కనుక్కున్నారా?

"ఇప్పుడు నువ్వు కనుక్కుంటున్నావు కదమ్మా" అన్నాడు మొదటిసారి.

"నేను లెక్కలోకి రాను బాబాయ్ గారూ."

"ఎందుకు రావు?"

"జీతం తీసుకుని అడుగుతున్నాను కదా మరి" అని నవ్వి, ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

ఒక్కో ప్రశ్నకు ఆయన చెప్పే జవాబు కాగితంలో పట్టేది కాదు. నిద్ర గురించి అడిగితే దిండు దగ్గర మొదలుపెట్టి, పక్క కొట్టువాడి జనరేటరు మీదుగా, భార్య గురక దాకా వెళ్లేవాడు. నర్సు ‘బాగానే ఉంది’ అని రాసుకుంటూ వినేది. ఒకసారికి గంటంబావు. ఏడాదికి నాలుగుసార్లు. అంటే ఏడాదికి అయిదు గంటలు. ఆయన మనసులోనే గుణించి చూసుకున్న లెక్క అది. మిగతా ఏడాదంతా ఆ అయిదు గంటల మీద నడిచిపోయేది.

ఏడోసారి వెళ్లివచ్చిన వారానికి చిన్న డాక్టరమ్మ ఫోన్ చేసి రమ్మంది.

"మీ రక్తంలో ఒకటి పెరిగిందండీ" అంది, కాగితం ఆయన వైపు తిప్పి. "గుండె మీద బరువు పడి దాని కండరం సాగినప్పుడు, అది రక్తంలోకి ఒక పదార్థం వదులుతుంది. ఈ పరిశోధనలో మేం పెట్టుకున్న గీత నూట ఇరవై అయిదు. మీకు మొదట్లో యాభై నాలుగు. తర్వాత డెబ్బై. అంతకుముందు సారి నూట పది. ఇప్పుడు రెండు వందల అరవై."

"అంటే గుండెకు చెమట పడుతోందన్నమాట."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "అలాగే అనుకోండి. నాడి కూడా రెండేళ్ల కిందటి కంటే జోరుగా పరిగెడుతోంది."

"జోరుగా పోతే మంచిదే కదమ్మా?"

"కాదండీ. నాళాలు మెత్తగా ఉంటే అల నెమ్మదిగా పోతుంది. గట్టిపడితే చప్పున పోయి, చివర తగిలి, చప్పున వెనక్కొస్తుంది. అప్పటికి గుండె ఇంకా రక్తాన్ని తోస్తూనే ఉంటుంది. దాని పని మీద ఇది ఎదురొచ్చి పడుతుంది."

టైర్ల వ్యాపారికి అంతకుమించి చెప్పనక్కర్లేకపోయింది. పాత టైరు తెస్తే అందరూ పైన ఎంత గాడి మిగిలిందని చూస్తారు. ఆయన పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కి చూసేవాడు.

"రబ్బరు ముసలిదైంది, అంతే కదా" అన్నాడు. "గతుకు వచ్చినప్పుడు ఆ దెబ్బ టైరు మింగాలమ్మా. రబ్బరు గట్టిపడితే మింగదు. దెబ్బంతా ఇరుసు మీదికి పోతుంది. పాపం ఆ ఇరుసు ఏదో ఒకనాడు విరుగుతుంది. బండివాడు వచ్చి ఇరుసును తిడతాడు."

డాక్టరమ్మ పెన్ను తీసి ఆ మాట ఒక మూల రాసుకుంది. రాసుకుంటూనే, రెండు వారాల తర్వాత ఇంకోసారి రక్తం తీస్తామనీ, అప్పుడు కూడా గీత దాటితే ఆయనను ఆరోగ్యవంతుల జాబితాలోంచి తీసేసి కింద గుండె విభాగానికి పంపిస్తామనీ చెప్పింది.

"జబ్బువాళ్ల జాబితాలో వేసుకోరా?"

"ఆ నూరుమందీ రెండేళ్ల కిందటే నిండిపోయారండీ. మధ్యలో చేర్చుకోవడం కుదరదు."

"దాటకపోతే?"

"దాటకపోతే ఎప్పట్లాగే. ఇంకో మూడేళ్లు వస్తూ ఉంటారు."

మెట్లు దిగుతూ ఆయన గుండె విభాగం హాల్లోకి తొంగిచూశాడు. రెండు వందల మంది, నాలుగు ఫ్యాన్లు. ఒక్కో మనిషి లోపలికి వెళ్లి బయటికి రావడానికి మూడు నిమిషాలు పట్టడం లేదు. అక్కడ పద్దెనిమిది ప్రశ్నలు ఎవరూ అడగరు. గుండె సంగతి పక్కన పెట్టి ఆయన ఆ హాలుకూ పై గదికీ తేడా లెక్కకట్టుకున్నాడు. ఎటు నుంచి కూడినా నష్టమే వచ్చింది.

మర్నాడు బావ ఇంటికి వెళ్లాడు. బావ అంటే భార్యకు అన్న. నాలుగు వీధుల అవతలే ఇల్లు. చెల్లెలు ఉన్నన్నాళ్లు వారానికి రెండుసార్లు వచ్చిపోయేవాడు. ఇప్పుడు ఎదురుపడితే చెయ్యెత్తుతాడు. బావ గుండెజబ్బు పాతది. ఇంటి నిండా మందులే.

"రా బావా రా! దారి తప్పావా, మనిషి తప్పావా?" అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే. "టైర్లు అమ్ముడుపోవట్లేదా ఏంటి, చుట్టాలు గుర్తొచ్చారు?"

"కాళ్లు వాస్తున్నాయి బావా. చెప్పులు పట్టట్లేదు."

"నీకా? గుర్రమంటి వాడివి!" బావ ముఖంలో కాస్త సంతోషం కనబడింది. జబ్బులో తోడు దొరికితే ఎవరికైనా అలాగే ఉంటుంది. "అది ఒంట్లో నీరు చేరడం. నాకు తెలీనిదా? ఆ బీరువా మీద డబ్బా ఇలా అందుకో. తెల్లవి, నీరు తీసే మాత్రలు. పోయిన నెల డాక్టరు మార్చేశాడులే, ఇవి పడేయడానికి మనసొప్పక ఉంచాను."

"వేసుకుంటే ఏమవుతుంది?"

"ఏమవుతుందా? పొద్దుటికి పదిసార్లు బాత్రూముకి పోతావు. మనిషి తేలికైపోతాడు. గుండె మీద బరువు దిగి రక్తపరీక్షలో అంకె కూడా దిగుతుంది. నాకు అలాగే దిగింది." కోడలు లోపలి నుంచి ఏదో పనికి పిలిచేసరికి బావ అటు తిరిగి కేకేశాడు. మళ్లీ ఇటు తిరిగి, "భోజనం చేసి వెళ్తావా?" అన్నాడు. అడిగిన తీరును బట్టి ఏ జవాబు చెప్పాలో ఆయనకు అర్థమైంది. మాత్రలు జేబులో వేసుకుని లేచాడు.

ఆ వీధిలో పాత టైర్ల కొట్లు నాలుగున్నాయి. మూడింట్లో పగుళ్లకు నల్లరంగు పూసి కొత్తవాటిలా మెరిపించి అమ్ముతారు. ఆయన ముప్పై ఏళ్లలో ఒక్క టైరుకు రంగు పూయలేదు. పగులుంటే చూపించి ధర తగ్గించేవాడు. అందుకే లారీవాళ్లు ఊళ్ల మీద నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. అలాంటివాడు పరీక్షకు అయిదు రోజుల ముందు స్టవ్వు పక్కన నిలబడి మొదటి మాత్ర మింగాడు. చేస్తున్నది ఏమిటో ఆయనకు బాగానే తెలుసు. బేరం పెద్దది, మూడేళ్ల బేరం, అని సర్దుకున్నాడు.

అయిదు రోజులు నోరెండిపోయింది. పిక్కలు పట్టేసి తెల్లవారుజామున మెలకువ వచ్చేది. టైర్ల దొంతర మీద చెయ్యి ఆనించి నిలబడితే కళ్లు తిరిగేవి.

"ఏంటి బాబాయ్ గారూ, నరమే దొరకట్లేదు?" అంది నర్సు. రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. "నీళ్లు తాగట్లేదా?"

"ఎండలు కదమ్మా."

"ఎండలంటే ఇంకా తాగాలి. చెప్పేవాళ్లు లేకపోతే ఇంతే" అని విసుక్కుంటూ దూది అదిమి, మూడు గొట్టాలకూ ముప్పై ఏడు అంటించింది. ఆ విసుగు ఆయనకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

నాలుగో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోన్ చేసింది. తొంభై ఎనిమిది వచ్చిందనీ, ఒక సంతకం కావాలనీ చెప్పింది. ఆయన బేరం మధ్యలో ఉన్న మనిషిని రేపు రమ్మని పంపేసి, చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

గదిలో నర్సు డాక్టరమ్మ బల్ల ముందు నిలబడి ఉంది. కూర్చోలేదు.

"రండి రండి. మీకు మంచి కబురు" అంది డాక్టరమ్మ. "పోయినసారి వచ్చిన రెండు వందల అరవై మీది కాదు. రెండు వారాల్లో, ఏ మందూ లేకుండా, ఒక మనిషికి అంత దిగడం జరగదు. పొటాషియం కూడా ఈ రెండిట్లో పొంతన లేదు. గొట్టాలు తారుమారయ్యాయి. ఆ రోజు మీ తర్వాత జబ్బువాళ్లలో ఒకరు వచ్చారు. వాళ్ల రక్తానికి మీ చీటీ పడింది."

"పడలేదు డాక్టర్" అంది నర్సు. "మంచం పక్కనే అంటిస్తాను. ఒకరు లేచి వెళ్లాకే ఇంకొకరి గొట్టం ముట్టుకుంటాను. బాబాయ్ గారినే అడగండి."

"మరి అంకెలు అబద్ధం చెప్తాయా? ఒకటి తారుమారైందంటే రెండేళ్లుగా నువ్వు తీసిన వాటన్నిటి మీదా అనుమానమే. పరిశోధన కమిటీకి రాయక తప్పదు. వచ్చే నెల నీ కాంట్రాక్టు కూడా..." డాక్టరమ్మ ఆ మాట పూర్తి చేయలేదు. కాగితం ఆయన ముందుకు జరిపింది. "పాత ఫలితం కొట్టేయడానికి మీ సంతకం చాలు. ఇక మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

పెన్ను చేతికొచ్చింది. వ్యాపారి కాబట్టి ఆయన బుర్ర ఆగలేదు, దాని పని అది చేసుకుపోయింది. సంతకం పెడితే మూడేళ్లు. ఈమె వెళ్లిపోతే ఇంకో నర్సు వస్తుంది. మంచం అదే, గొట్టాలు అవే, కాగితం మీద పద్దెనిమిది ప్రశ్నలూ అవే. ఎవరు చదివినా నిద్ర ఎలా పడుతోంది అనే అడుగుతారు. ఒక్క క్షణం ఆ లెక్క కుదిరినట్టే కనబడింది.

నర్సు ఆయన వైపు చూడటం లేదు. చూసి ఉంటే, ఏమో, సంతకం పెట్టేసేవాడేమో. బతిమాలే మనిషిని తిప్పిపంపడం ఆయనకు రోజూ ఉన్న అలవాటే. ఆమె తన చేతులు చూసుకుంటోంది, అవి నిజంగానే ఎప్పుడైనా తప్పు చేశాయా అన్నట్టు.

"డాక్టరమ్మా, ఆ రెండు వందల అరవై నాదే" అన్నాడు. "ఈ తొంభై ఎనిమిదే దొంగ సరుకు."

"అంటే?"

"మా బావ దగ్గర నీరు తీసే మాత్రలు తెచ్చుకుని అయిదు రోజులు మింగాను."

డాక్టరమ్మ కోపం పట్టలేకపోయింది. "మీకు తెలుసా మీ పొటాషియం ఎక్కడికి పోయిందో? ఇంకో నాలుగు రోజులు మింగి ఉంటే గుండె లయ తప్పేది. ఎవరో వాడి వదిలేసిన మాత్రలు... అసలు ఎందుకు చేశారండీ ఇంత పని? దారిఖర్చుల కోసమా?"

ఆ చివరి మాటకు ఆయనకు చెంప మీద కొట్టినట్టయింది. కాదని చెప్పాలనుకున్నాడు. కాదంటే మరెందుకో చెప్పాలి. "ఇక్కడికి రావడం అలవాటైపోయిందమ్మా" అన్నాడు. అంత పెద్ద సంగతికి ఆ మాట బొత్తిగా చాలలేదని ఆయనకే తెలిసిపోయింది.

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. "మీ మాట నేను రాసుకుంటాను. కమిటీకి మాట చాలదు. మాత్రలు ఆపేయండి. పది రోజుల తర్వాత మళ్లీ తీస్తాం, నా ఎదురుగానే. మళ్లీ రెండు వందలు దాటితే ఆమె గొట్టం సరైనదేనని తేలుతుంది."

"దాటకపోతే?"

"మీరు ఆమె మీద జాలిపడి కథ చెప్పారనుకుంటారు."

ఆ పది రోజులు ఆయనకు విచిత్రంగా గడిచాయి. బతుకంతా తన సరుకు మంచిదని ఒప్పించిన మనిషి, ఇప్పుడు తన గుండె చెడ్డదని తేలాలని కోరుకుంటున్నాడు. పొద్దున్నే లేచి మెట్టు ఎక్కి దిగి ఆయాసం వచ్చిందా అని చూసుకునేవాడు. వస్తే ఊరట. వచ్చిందన్న ఊరట తగ్గగానే వెనకనుంచి భయం. ఈ రెండూ ఎవరికి చెప్పుకోవాలి? ఒకనాడు అంకె పెరుగుతుందేమోనని గుప్పెడు ఉప్పు తీసి నీళ్లలో కలపబోయి, చెయ్యి ఆపి, డబ్బాలో పోసేశాడు. అదీ రంగు పూయడమే కదా అనిపించింది. ఉన్నదున్నట్టు వెళ్లి నిలబడాలి. అంతే.

చివరిసారి మెడ మీద పెన్ను లేదు, జెల్లీ లేదు. డాక్టరమ్మ కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది. నర్సు పట్టీ బిగించింది, నరం ఒక్కసారికే దొరికింది. గొట్టాలు నిండాయి. పద్దెనిమిది ప్రశ్నల కాగితం బల్ల మీదే ఉంది కానీ ఆమె దాన్ని తీయలేదు. అది పరిశోధనలో ఉన్నవాళ్లకు. ఏడు నిమిషాల్లో అంతా అయిపోయింది. డాక్టరమ్మ గొట్టాలు తీసుకుని బయటికి వెళ్లింది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు, దూది తానే అదిమి పట్టుకుని.

"నాకు ఇద్దరు పిల్లలు బాబాయ్ గారూ" అంది నర్సు, సూదిని డబ్బాలో పడేస్తూ. "ఈ పది రోజులు మా ఇంట్లో ఎలా గడిచాయో మీకు తెలీదు."

"తెలుసమ్మా."

"తెలీదు."

నిజంగానే ఆయనకు తెలియదు. ఆయన ఆమెను రెండేళ్లలో ఒక్క ప్రశ్నయినా అడగలేదు. ఎనిమిదిసార్లు గంటంబావు చొప్పున తన సంగతులే చెప్పుకున్నాడు. పిల్లలున్నారన్న మాట కూడా ఇవాళే వినడం.

మూడో రోజు ఒక లారీ మనిషికి వెనక టైర్లు చూపిస్తుండగా ఫోన్ వచ్చింది. నర్సే.

"రెండు వందల డెబ్బై నాలుగు."

"అయితే నీ మీద మాట లేదు కదా?"

"లేదు. కమిటీకి రాయడం మానేశారు."

"హమ్మయ్య!"

"హమ్మయ్య ఏంటండీ?" అంది. గొంతులో పాత విసుగు ఒక్క మాట మేరకు వినబడింది, అంతలోనే సర్దుకుంది. "సోమవారం కింద గుండె విభాగానికి వెళ్లండి. ఎనిమిదింటికల్లా టోకెన్లు అయిపోతాయి. ఏడింటికే నిలబడాలి. డాక్టరమ్మ చీటీ టోకెన్ల కిటికీ దగ్గర పెట్టించింది."

"పిల్లలు ఏం చదువుతున్నారమ్మా?" అని అడిగాడాయన. అప్పటికే ఫోన్ పెట్టేసింది.

"ఎవరు పెద్దాయనా, ఇంట్లోవాళ్లా?" అన్నాడు లారీ మనిషి.

"కాదు. ఈ టైరు చూడు, ఇటు పక్క సన్నగా పగిలింది. అరవై స్పీడు దాటి తోలకు."

సోమవారం ఏడింటికి కూడా ఆయన ముందు నలభై మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒకరో ఇద్దరో తోడున్నారు. ఒకరు వరసలో నిలబడితే ఇంకొకరు వెళ్లి గోడవార కూర్చుంటున్నారు. ఒకరు నీళ్లు తెస్తే ఇంకొకరు ఫైలు పట్టుకుంటున్నారు. అరగంట గడిచేసరికి ఆయనకు కాళ్లు లాగాయి. వెనకవాడి వైపు తిరిగి, "ఒక్క అయిదు నిమిషాలు నా చోటు చూస్తావా తమ్ముడూ, అలా కూర్చుని వస్తాను" అన్నాడు.

"నేను చూస్తాను గానీ, నా వెనకాలవాళ్లు ఒప్పుకోవద్దూ? మీవాళ్లు ఎవరూ రాలేదా?"

"లేదులే. ఫరవాలేదు, నిలబడతాను."

ఎనిమిది కావస్తుండగా నర్సు లోపలికొచ్చింది. ఖాళీ గొట్టాల ట్రే ఒకటి పట్టుకుని, వరస పక్కనుంచి మెట్ల వైపు నడిచింది. ఊదా, పసుపు, నీలం మూతలు. ఆయన చెయ్యి సగం లేచింది. ఆమె మెట్ల మీద ఎవరికో దారి ఇచ్చి, పైకి వెళ్లిపోయింది. చూసిందో లేదో ఆయనకు తెలియలేదు.

వరస ఒక అడుగు ముందుకు జరిగింది. ఆయన కూడా జరిగాడు.